జాంబియాకు పోయే డబ్బాలు

కాజీపల్లి మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగు సెక్షనుకు మల్లవ్వే పెద్దదిక్కు. సూపర్‌వైజర్లు వస్తుంటారు, పోతుంటారు. పని మాత్రం ఆమె చెప్పినట్టే నడుస్తుంది. నోరు పెద్దది, చెయ్యి చురుకు. భర్త జంగయ్య పటాన్‌చెరు మార్కెట్లో హమాలీ. బరువులు మోసేది ఆయనైనా ఇంట్లో బరువైన మాట మల్లవ్వదేనని బస్తీవాళ్లు ఎగతాళి చేస్తుంటారు.

మల్లవ్వ పెట్టిన అలవాటు ఒకటుంది. పైనుంచి ఎవరో చెప్పింది కాదు, సొంత తెలివి. మాత్రల డబ్బాలు లైను మీద వస్తుంటే మూల నలిగినవి, అచ్చు చెదిరినవి ఏరి పక్కన కుప్ప పోస్తుంది. యూరప్ ఆర్డరులో అలాంటివి కనబడితే సరుకు వెనక్కొస్తుంది. అందుకని వాటిని జాంబియా ఆర్డరులోకి నెట్టేస్తుంది. లోపల మందు ఒకటే కదా అని ఆమె సమాధానం.

"ఆల్లకు మందు దొరుకుడే ఎక్కువ. డబ్బా ఎవరు సూస్తరే?" అని కొత్తగా చేరిన పోశమ్మకు కూడా నేర్పింది. వృథా తగ్గిందని మేనేజరు హరినాథ్ మెచ్చుకున్నాడు. ఎలా తగ్గిందని మాత్రం అడగలేదు. అడగకుండా మెచ్చుకోవడంలో ఆయన దిట్ట.

మొన్న జాంబియా నుంచి ఒక మేడం ప్యాకింగు సెక్షనుకు వచ్చింది. అక్కడి సర్కారు దవాఖానలకు మందులు కొనే అధికారి. ఇదివరకు ఈ మలేరియా మాత్రలు నడిమి వ్యాపారుల చేతులు మారి, ధర కొండెక్కి, వాళ్ల ఊళ్లకు చేరేవట. ఇప్పుడు వాళ్ల సర్కారు పన్ను తీసేసి నేరుగా ఇక్కడే కొంటోంది.

"మీ వల్ల మా పల్లెల్లో పిల్లలకు మందు అందుతోంది. ఆ మాట చెప్పిపోదామని వచ్చాను" అందామె ఇంగ్లీషులో. హరినాథ్ తెలుగులో చెప్పాడు. ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా మల్లవ్వే కొట్టింది.

తర్వాత మేడం ఇంకో సంగతి చెప్పింది. డబ్బాలు నలిగి వస్తున్నాయట. నకిలీ మందేమోనని భయపడి తల్లులు పిల్లలకు వెయ్యడం లేదట. అక్కడ సరుకు దించే హమాలీలే పాడుచేస్తున్నారని కొందరిని పనిలోంచి తీసేశారట.

హరినాథ్ అదీ తెలుగులో చెప్పి, "మీరేం కంగారు పడకండి. దారిలో నలుగుతాయి అని మేడంకు చెబుతాను" అన్నాడు.

మల్లవ్వకు తల కొట్టేసినట్టయింది. ఒకసారి మార్కెట్లో బస్తాలు చిరిగితే తప్పు జంగయ్య మీద వేసి పనికి రావద్దన్నారు. అప్పుడు ఆ సేట్లను ఆమె తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు మొహం కూడా తెలియని మనుషుల కూడు తన చేతులే తీశాయి. సిగ్గుతో చెవులు మండిపోయాయి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. తెరిస్తే తన పనే పోవచ్చు.

"సారూ, హమాలీలది తప్పు గాదు. నలిగినయన్ని నేనే ఏరి ఆల్ల పెట్టెలల్ల పెట్టిన. గది చెప్పుండ్రి" అంది.

హరినాథ్ నవ్వుతూ మేడం వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. మేడం మొహం వెలిగిపోయింది. "థాంక్యూ, మదర్" అంటూ వచ్చి మల్లవ్వను కావలించుకుంది.

సారు తన మాట దాచి ఇంకేదో మంచిమాట చెప్పాడని మల్లవ్వకు అర్థమైంది. అలా ఆమె చేతుల్లో నిలబడటం కన్నా చావు నయమనిపించింది. విడిపించుకుని, కుప్పలోంచి నలిగిన డబ్బా ఒకటి తీసింది. మేడం చూస్తుండగానే జాంబియా అని రాసిన పెట్టెలో పెట్టింది. ఇంకోటి తీసి అదీ పెట్టింది. నేనే అన్నట్టు గుండె మీద చెయ్యి వేసుకుంది.

మేడం కాసేపు ఆ పెట్టెనే చూసి, "వై?" అని అడిగింది. ఆ మాత్రం ఇంగ్లీషు మల్లవ్వకు వచ్చు.

"మీరు బీదోల్లు గదమ్మా. ఏం పంపినా వాపసు పంపరనుకున్న."

మేడం హరినాథ్ వైపు చూసింది. ఆయన మొహంలో నవ్వు లేదు. తల దించుకుని, ఈసారి ఉన్నది ఉన్నట్టే చెప్పాడు.