రోడ్డు మీద కందికట్టె

"రోడ్డేమన్నా మీ అబ్బ వేయించాడా?" అంది మా అమ్మ.

"నేనూ వేయించలేదు, మా అబ్బా వేయించలేదమ్మా. ఆ కట్టె తియ్యకపోతే వెనకొచ్చే బండి ఈ వాలులో ఆగదు," అన్నాడు, ఆ బండికి ముందుగా దారి చూసుకుంటూ వచ్చి జీపు దిగిన పెద్దాయన.

"ఆగకపోతే మాకే మంచిది. బాగా నలుగుద్ది."

నా చిన్నప్పుడు, ఎనభైల్లో, చిలకలూరిపేట వెళ్లే దారిలో మా ఊరి దగ్గర జరిగిన తగువు ఇది. అప్పట్లో కంది కోశాక కట్టెను తారురోడ్డు మీదే పరిచేవాళ్లం. లారీలూ బస్సులూ తొక్కుకుంటూ పోతే కాయ పగిలి గింజ రాలేది. కూలి ఖర్చు లేదు, నడుము నొప్పి లేదు. బడి మానిపించిన పిల్లను కాబట్టి చీపురు పట్టుకుని కాపలా కూర్చోవడం నా పని.

ఆ రోజు రావాల్సింది మామూలు లారీ కాదు. కరెంటు సబ్‌స్టేషనుకు తీసుకెళ్తున్న ట్రాన్స్‌ఫార్మరు, మా ఇంటికన్నా పెద్దది. దాన్ని మోసే బండికి ఎన్ని చక్రాలో లెక్కపెట్టడం నాకు చేతకాలేదు. మనిషి నడిచినంత నిదానంగా వస్తోంది. చెక్కదిమ్మలు చేతుల్లో పట్టుకుని మనుషులు దాని పక్కనే నడుస్తున్నారు. అంత బరువు ఎక్కితే రెండు రోజుల నూర్పు ఒక్కసారికే అయిపోతుందని అమ్మ ఆశ.

పెద్దాయన అరవలేదు. మా బిందె నిండా నీళ్లు పోయించి, అది ఎత్తుకుని వాలులో ఆ కట్టె మీద నడిచి చూడమన్నాడు. అమ్మ పౌరుషంగా నడిచింది. నాలుగడుగులు పడ్డాయో లేదో కాలు జర్రున జారింది, బిందె దొర్లిపోయింది. "నీ బిందె బరువుకే ఇట్లా ఉంటే దాని సంగతి చూసుకో తల్లీ," అన్నాడు. అమ్మ మూతి ముడుచుకుని కట్టెనంతా పక్కకు లాగించింది. ఆయన పచ్చజెండా ఊపాడు.

కట్టె తీశాం గానీ, రాలిన కందులు తారు మీదే ఉన్నాయి. గుండ్రటి గింజలు, గచ్చు మీద పోసినట్టు. అమ్మకు ప్రాణం ఒప్పలేదు. చీపురూ చేటా పట్టుకుని మళ్లీ రోడ్డు మధ్యకు వెళ్లి ఊడ్వడం మొదలుపెట్టింది. అప్పటికే బండి వాలులోకి దిగింది.

డ్రైవరు బ్రేకు తొక్కాడు. ఆ తర్వాత చూసింది ఇప్పటికీ నా కళ్లలోంచి పోలేదు. చక్రాలు తిరగడం లేదు, బండి మాత్రం గింజల మీద జారుతూ వస్తోంది. ఒకాయన చక్రం కింద దిమ్మ తోశాడు. అది అప్పడంలా నలిగిపోయింది. అమ్మ తలెత్తి చూసింది, లేవలేకపోయింది.

పెద్దాయన పరుగెత్తుకొచ్చి అమ్మను రెక్క పట్టి లాగాడు. ఇద్దరూ రోడ్డు పక్కన పడ్డారు. డ్రైవరు బండిని రెండోవైపున్న మట్టి గట్టులోకి తిప్పేశాడు. ముందుభాగం గట్టులో దిగబడింది. పైనున్న ట్రాన్స్‌ఫార్మరు ఒక పక్కకు ఒరిగి, గొలుసులు కిర్రుమని, అట్లాగే నిలబడిపోయింది. కాలిన రబ్బరు వాసన. డ్రైవరు కిందికి దిగలేదు, స్టీరింగు వదలడానికి చేతులు రాలేదట.

ఇక అమ్మకు తిట్లు తప్పవనుకున్నాను. చక్రాలకు దిమ్మలు పెట్టాక పెద్దాయన, మోచేతి నుంచి రక్తం కారుతుండగానే, చీపురు తీసుకున్నాడు. మిగిలిన కందులన్నీ ఊడ్చి, మట్టి చెరిగి, నా గౌను ఒళ్లో పోశాడు. "అన్నంలోకొచ్చే గింజ, పారెయ్యమనట్లేదమ్మా. కళ్లంలో నూర్చుకోండి," అన్నాడు. ఆయన తిట్టి ఉంటే మా అమ్మ తిరిగి తిట్టేది, మర్నాడు మళ్లీ పరిచేది.

నేను పిసినారినని మా కోడళ్లు అంటారు, అననీ. ఇంట్లో గింజ కింద పడితే ఈనాటికీ ఊరుకోను. రోడ్డు మీద పడితే మాత్రం వంగను, మనవల్ని వంగనివ్వను. పెద్ద బండి కనపడితే, మనల్ని చూసి అదే ఆగుతుందిలే అనుకోను. ఆపాలని డ్రైవరుకు ఎంత ఉన్నా, బరువు వాడి మాట వినాలిగా.

మర్నాడు పొద్దున ఆ బండి ఇంకా గట్టులోనే ఉంది. అమ్మ ఆ కందుల్నే తిరగట్లో విసిరి, పప్పు వండి, అన్నంతో సహా వాళ్లకు మోసుకెళ్లి పెట్టింది. తిరిగొచ్చి కట్టెను కళ్లంలో పరిచి, కర్ర తీసుకుని కొట్టడం మొదలుపెట్టింది. నేను రెండో కర్ర తీసుకున్నాను.