తలకిందుల వీరమ్మ

వీరమ్మ వాళ్ల ఇంట్లో బీరువా తెరిస్తే చీరలకంటే ముందు రాతలు కనపడతాయి. ప్రతి జనవరి ఒకటిన చర్చి నుంచి రాగానే ఇంట్లో నలుగురూ ఆ ఏడు సాధించాల్సింది ఒక్కొక్కటి చెప్పాలి, దాన్ని నల్ల మార్కరుతో తలుపు లోపలివైపు రాయాలి. ఈ ఆనవాయితీ పెట్టింది ఆమె మొగుడు జయపాల్. ట్రాక్టరు తోలుకునే మనిషికి ఈ పిచ్చి ఎక్కడిదని అడక్కండి. పాస్టరుగారు కొత్త సంవత్సరం ప్రసంగంలో చెప్పారు, ఇతగాడు పట్టుకున్నాడు. తొమ్మిదేళ్ల రాతలున్నాయి అక్కడ. జయపాల్ వరసలో సిమెంటు గచ్చు, మరుగుదొడ్డి, గ్యాసు పొయ్యి, అన్నిటికీ టిక్కులు పడ్డాయి. కూతురు కెజియా వరస ఎక్కాలతో మొదలై పదో తరగతి దాకా వచ్చింది. మామగారు మరియదాసు వరసలో తొమ్మిదేళ్లూ ఒకటే మాట, చుట్ట మానాలని. ఒక్క టిక్కూ లేదు పాపం.

వీరమ్మ వరస చూసినవాళ్లు మాత్రం ముక్కున వేలేసుకుంటారు. మొదటి ఏడాది అక్షరాలు నేర్చుకోవాలి, టిక్కు. తర్వాత బస్సు బోర్డు చదవాలి, టిక్కు. పాటల పుస్తకం మొత్తం చూసి పాడాలి, టిక్కు. ఎనిమిదో ఏడు ఓపెన్ స్కూల్లో పదో తరగతి పాసవ్వాలి, దానికీ టిక్కే, అదీ కూతురికంటే ఏడాది ముందు. "మిరపకోతలకెళ్లే మనిషి, ఎంత ఎదిగిందమ్మా!" అని పాస్టరుగారి భార్య అందరికీ చెబుతుంది. ఆ ఎదుగుదలకు వేసిన ఎరువు ఏందో ఆవిడకు తెలీదు. పగ. అచ్చమైన, కల్తీలేని పగ.

ఆ పగ పేరు మహిమ టీచరుగారు.

జరిగింది ఇది. తలుపు మీద రాతలు మొదలవడానికి ముందు నవంబరులో, చర్చిలో కోతల పండుగ. వాళ్ల పల్లెలో ఆడవాళ్లు చర్చికి వస్తే చదువొచ్చినా రాకపోయినా చేతిలో పాటల పుస్తకం ఉండాల్సిందే. ఒట్టి చేతులతో నిలబడితే పత్తిచేలోంచి నేరుగా వచ్చినట్టుంటుందని వాళ్లకు నామోషీ. వీరమ్మకు పాటలన్నీ నోటికొచ్చు. అందుకని పుస్తకం తెరిచి, కళ్లు మూసుకుని, గొంతెత్తి పాడుతోంది. ముందు వరసలోంచి మహిమ టీచరుగారు వెనక్కి తిరిగి చూసింది.

"ఒసేయ్ వీరమ్మా! పుస్తకం తలకిందులుగా పట్టుకున్నావే! తిన్నగా పట్టుకో, దేవుడికి మెడ నొప్పి పుడుతుంది!"

చర్చి చర్చంతా గొల్లుమంది. పాస్టరుగారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. జయపాల్ కూడా నవ్వాడు, ఆ సంగతి వీరమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. మర్నాటి నుంచి ఆమె పేరు తలకిందుల వీరమ్మ. మిరపచేలో మేస్త్రి, "ఏమే తలకిందులూ, సాలు తిన్నగా కొయ్యి" అనేవాడు. నాలుగో రోజు రెండో తరగతి చదివే కెజియా ఏడుస్తూ వచ్చింది, బళ్లో దాన్ని తలకిందులోళ్ల పిల్ల అన్నారని. అప్పుడు మండింది వీరమ్మకు. ఆ మహాతల్లి ఊళ్లో సగం మంది చేత అక్షరాలు దిద్దించింది కదా! ఇలా కూర్చోవే, నేర్పుతానని ఒక్కమాట అనొచ్చు కదా! నేర్పాలనిపించలేదు, నవ్వాలనిపించింది.

"నీ నోటితో నువ్వన్న మాట, అదే చర్చిలో, అందరి ముందూ నీకు అప్పజెప్పకపోతే నేను వీరమ్మనే కాదు" అని ఒట్టు పెట్టుకుంది.

అక్షరాలు నేర్పింది కెజియానే. సాయంత్రం పిల్ల గచ్చు మీద పుస్తకం పరుచుకుని చదువుతుంటే, వీరమ్మ ఎదురుగా కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ చూసేది. దాంతో ఏమైంది? ఆమెకు అక్షరాలన్నీ తిరగేసే వచ్చాయి. ఆర్నెల్లయ్యాక పిల్ల పుస్తకాన్ని తల్లివైపు తిప్పితే ఒక్క ముక్క చదవలేకపోయింది. "ఛీ, ఇటు తిప్పమాకే, ఎట్టా ఉన్నదాన్ని అట్టా ఉంచు!" అంది. రెండో ఏడంతా బస్టాండులో మెడ పక్కకు వాల్చి బోర్డులు చదివేది. తిన్నగా చదవడం తర్వాత వచ్చింది గానీ, ఈ రోజుకీ పుస్తకం ఎటు తిప్పి ఇచ్చినా గడగడా చదివేస్తుంది.

ఇంత పగలోనూ మహిమగారి చావు మాత్రం కోరలేదు. చస్తే ఎట్టా? తను చదవడం చూడాలి, తను అనే మాట వినాలి. అందుకని ప్రతి ఆదివారం చర్చిలో ఎవరి సాక్ష్యం, ప్రార్థన వాళ్లు చెప్పుకునే వేళ లేచి, "టీచరమ్మగారికి నిండు ఆయుష్షు ఇయ్యి ప్రభువా" అని కళ్లనీళ్లతో ప్రార్థన చేసేది. మహిమగారు కరిగిపోయి క్రిస్మస్‌కు జాకెట్టు గుడ్డ పంపింది. వీరమ్మ దాన్ని గిన్నెలు దించడానికి వాడుకుంది.

ఆదివారం బైబిల్లోంచి వాక్యం చదివే గౌరవం ముప్పై ఏళ్లుగా మహిమగారిదే. వీరమ్మ తన పుస్తకంలో అక్షరం అక్షరానికీ వేలు జరుపుతూ వినేది, ఒక్క తప్పన్నా దొరక్కపోతుందా అని. దొరికేది కాదు. తొమ్మిదో ఏడు, అంటే పోయిన ఏడు జనవరిలో, తలుపు మీద "చర్చిలో ఒక మాట చెప్పాలి" అని రాయించింది.

"ఏ మాటమ్మా?" అంది కెజియా.

"నువ్వు రాయవే!"

ఆగస్టులో మహిమగారి భర్త ఎలీషా మాస్టారు పోయారు. నెల తిరిగాక ఆవిడ మళ్లీ చర్చికి వచ్చింది, లేచి వాక్యం మొదలుపెట్టింది. వీరమ్మ వేలు కదులుతోంది. ఒక వరస తప్పిపోయింది. వేలు ఆగింది. ఆ వాక్యభాగం పేజీ చివర తెగి అవతలి పేజీలోకి పోతుంది. అక్కడ పేజీ తిప్పాలి. మహిమగారు తిప్పలేదు, గొంతు మాత్రం సాగిపోతోంది! తర్వాత ఎక్కడో తడబడి, ఏదో కలిపి, ఆమెన్ అనేసి కూర్చుంది. ఎవరికీ పట్టలేదు.

వీరమ్మ లేచి నిలబడింది.

"ఏమ్మా వీరమ్మా, సాక్ష్యమా?" అన్నారు పాస్టరుగారు.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముందు వరసలో మహిమగారు పుస్తకం మూసి రెండు చేతులా పట్టుకుంది. ఇప్పుడు అనేస్తే ఒక్క నిమిషం. అందరూ ఒక్కసారి నవ్వుతారు, ఇంటికెళ్లి అన్నం తింటారు. తొమ్మిదేళ్ల పగను ఒక్క నిమిషానికి పారేసుకోవడానికి వీరమ్మకు మనసొప్పలేదు.

"ఏం లేదండీ, కాలు తిమ్మిరెక్కింది" అని కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే టీచరుగారింటికి వెళ్లింది.

"ఎవరూ?"

"తలకిందుల వీరమ్మనండీ. ఇవాళ పేజీ తిప్పలేదేందండీ?"

మహిమగారు తలుపు దగ్గరగా వేసింది. "ఎవరికన్నా చెప్పావా?"

"ఇంకా లేదండీ."

అప్పుడు చెప్పుకొచ్చింది. రెండేళ్లుగా మనుషులు మసగ్గా కనపడుతున్నారు గానీ అక్షరం కనపడటం లేదు. ఇక ఇంతేనని గుంటూరు డాక్టరు తేల్చేశాడు. శనివారం మాస్టారు చదివి వినిపించి, పేజీ ఎక్కడ తిప్పాలో చెబితే ఆవిడ బట్టీ పట్టి ఆదివారం చదివినట్టు చెప్పేది. ఇవాళ్టిది ఎప్పుడో విన్న గుర్తు మీద లాక్కొచ్చింది. "ఆ ఒక్కటీ పోతే నాకింకేం మిగులుద్దే?" అంది.

వీరమ్మకు జాలి వేసిందా అంటే వేసింది, వేలెడంత. మిగతా చెయ్యంతా పగే.

"శనివారం శనివారం నేనొచ్చి చదువుతానండీ. ఎవరికీ చెప్పను. మీరు నవ్వబట్టే కదా నాకీ చదువు వచ్చింది."

"నేను నవ్వానా? ఎప్పుడే?"

"కోతల పండుగ నాడండీ. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నానని."

"గుర్తు లేదే వీరమ్మా. ఊళ్లో అందరూ అట్టా పిలుస్తుంటే అది నీ ఇంటిపేరేమో అనుకున్నా."

గుర్తు లేదంట! వీరమ్మ ఒళ్లంతా కారం పూసినట్టు మండింది. తొమ్మిదేళ్లు తను నిద్రలో కూడా వదలని మాట, అన్న మనిషికి గుర్తే లేదంట!

మొదటి శనివారం వీరమ్మ ఆవిడ ఎదురుగా కూర్చుని పుస్తకం తెరిచింది. తెరిచి, కావాలని తలకిందులు చేసి పట్టుకుంది.

"చూసి చెప్పండి టీచరమ్మగారూ. పుస్తకం తిన్నగానే పట్టుకున్నానా?"

మహిమగారు కళ్లద్దాలు సర్దుకుంది. ముందుకు వంగి చూసింది, వెనక్కి జరిగి చూసింది. వీరమ్మ తొందరపెట్టలేదు.

"తిన్నగానే ఉందే" అంది చివరికి.

అప్పుడు వీరమ్మ ఒక్క తప్పు లేకుండా చదివింది. ఆదివారం మహిమగారు ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది. ప్రతి శనివారం అదే ప్రశ్న, అదే జవాబు. ఇంటికొచ్చేటప్పుడు వీరమ్మ పాటలు పాడుకుంటూ వచ్చేది.

మొన్న జనవరి ఒకటిన కెజియా మార్కరు పట్టుకుని నిలబడింది. "అమ్మా, చర్చిలో చెప్తానన్న మాట చెప్పావా? టిక్కా, ఇంటూనా?"

"ఆగవే. ఎల్లుండి శనివారం కానీ" అంది వీరమ్మ.

శనివారం వెళ్లింది, కూర్చుంది, పుస్తకం తిప్పి పట్టుకుంది. అడగబోతుంటే మహిమగారే చెయ్యి ఎత్తింది.

"వీరమ్మా. గుర్తొచ్చిందే. దేవుడికి మెడ నొప్పి పుడుతుందన్నాను కదూ?"

"అన్నారండీ."

"అందరూ నవ్వారు."

"నవ్వారండీ. మా ఆయన కూడా."

మహిమగారు చెయ్యి చాచి పుస్తకం అంచు తడిమింది. "ఇన్ని వారాలూ ఇది తిన్నగా లేదు కదూ?"

"లేదండీ."

"సరే. అట్టాగే పట్టుకుని చదువు" అంది మహిమగారు, చేతులు ఒళ్లో పెట్టుకుని.

ఎటు తిప్పినా గడగడా చదివే వీరమ్మకు ఆ రోజు మొదటి మాట నోట్లోంచి రావడానికి చాలాసేపు పట్టింది.