లీలాకుమారిగారి వాపసు పిస్టన్లు

ఆ ఉదయం లీలాకుమారిగారు పాలవాడికి పాలు వాపసిచ్చారు. నురగ మరీ ఎక్కువగా ఉందట.

అంతకుముందు రోజు దోసె. "మధ్యలో మాడింది, అంచుల్లో ఇంకా ఆలోచిస్తోంది" అని హోటలువాడికి పళ్ళెంతో సహా తిరిగిచ్చేశారు. కళ్ళజోడు చేయించుకుంటే వారం తిరక్కుండా దుకాణానికి పట్టుకెళ్ళారు. "ఇందులో అందరి మొహాలూ మరీ వివరంగా కనిపిస్తున్నాయి. కాస్త తగ్గించండి." సైనిక్‌పురిలో ఆవిడ వీధి మలుపు తిరిగితే చాలు, దుకాణదారులు ముందే గల్లా తెరిచి పెట్టుకునేవారు. కొన్నది వెనక్కివ్వడం ఆవిడకి జబ్బు కాదు, వ్యాయామం.

ఇదంతా కార్ఖానా ఏరియాలో మెకానిక్ షంషీర్‌కి కొత్త కాదు. ఆవిడకున్న యాభై ఏళ్ళు దాటిన చిన్న హెరాల్డ్ కారుకి ఏళ్ళ తరబడి వైద్యం చేస్తున్నది అతనే. ఈసారి అతని కష్టం వేరు. అతను అద్దెకున్న షెడ్డు యజమాని తాతారావు తెనాలి నుంచి వచ్చి టైల్స్ వ్యాపారంలో స్థిరపడ్డ మనిషి. ఆ షెడ్డుని జిమ్ముకి ఇవ్వాలని అతనికి బుద్ధి పుట్టింది. లీలాకుమారిగారు స్టూలు మీద కూర్చుని ఉండగానే వచ్చి చెప్పేశాడు.

"చేతిలో ఉన్న బండి పూర్తిచేసుకో షంషీర్. అది బయటికెళ్ళాక తాళం నాకివ్వు. అప్పటిదాకా నిన్నెవరూ కదపరు. ఇది నా మాట."

"ఠీక్ హై సేఠ్. నాది సుత జుబానే, మాట తప్ప. బండి అయిన రోజే తాళం ఇస్తా."

చేతిలో ఉన్న బండి హెరాల్డే. దాని ఇంజను విప్పేసి బల్ల మీద పరిచి ఉంది.

ఇంట్లో భార్య షంషున్నీసా తల పట్టుకుంది. "ఇంకో షెడ్డు లేదు, ఏం లేదు. రేపటి నుంచి స్కూటర్ మీద పానాలు పెట్టుకొని ఇల్లిల్లు తిరుగుతవా? గా బండిని జెర నిదానంగ చెయ్యరాదా?"

"ఇంజన్ విప్పి పెట్టుకొని కూసుంటే నన్ను మెకానిక్ అంటరా? కసాయి అంటరు."

అలా షంషీర్ తనను వెళ్ళగొట్టే పనిని తనే పరుగెత్తి చేయడం మొదలుపెట్టాడు.

ఇంజనులో నాలుగు సిలిండర్లూ అరిగిపోయాయి. లోపలి గోడలను గీకించి, ఆ కొలతకి కాస్త లావు పిస్టన్లు వెయ్యాలి. లేత్ మిషన్ అతనికో నియమం ఉంది: ముందు పిస్టన్లు చేతిలో పెట్టాలి, అప్పుడే గీకుతాడు. కాబట్టి పిస్టన్లు రానిదే ఇంజను లేవదు, ఇంజను లేవనిదే తాళం కదలదు.

"ఇరవై సైజు అయితే మంచిది మేడమ్. తక్కువ గీకితే సాలు" అని తాతారావు వచ్చిన రోజే చెప్పాడు షంషీర్. మర్నాడు రాంగోపాల్‌పేట్ విడిభాగాల దుకాణాలకి వెళితే, ఆ సైజులో ఉన్న ఒక్క సెట్టూ నిన్న సాయంత్రమే అమ్ముడైపోయిందన్నారు. నలభై సైజు తెచ్చాడు.

"మరీ లావు. ఇవి పట్టేదాకా గీకితే గోడలు పల్చబడిపోతాయి. వాపసు."

ఇంకో సెట్టు తెస్తే కిరాణాకొట్టు తక్కెడలో తూచారు. "మూడోది ఒళ్ళు చేసింది. వాపసు." నెత్తి ఉబ్బెత్తుగా ఉన్న సెట్టుని చూడగానే, "వీటికి పొగరెక్కువ" అన్నారు. వాపసు. ఇంకోసారి పిస్టన్లలో ఏ లోపమూ దొరక్క, డబ్బా మీద బొమ్మ బాగాలేదన్నారు.

"మేడమ్, మనం పిస్టన్లు కొంటున్నమా, పెండ్లిసూపులు సూస్తున్నమా?"

"పెళ్ళిచూపులప్పుడు ఇంత చూడలేదు షంషీర్ భాయ్. అప్పటికి నాకు వాపసు అలవాటు లేదు."

వాపసు చెయ్యడానికి షంషీర్ ఒక్కడే వెళితే దుకాణంవాళ్ళు తరిమేసేవారు. ఆవిడ వెనకాల నిలబడితే కిక్కురుమనకుండా తీసుకునేవారు.

జిమ్మువాళ్ళు తొందరపెట్టడంతో తాతారావుకి ఒళ్ళు మండింది. "ఆ పిస్టన్లేవో నేనే తెస్తా!" అని ఇస్త్రీ చొక్కాతో బయల్దేరాడు. టైల్స్ తప్ప మరో లోకం తెలియని మనిషి, మసిబారిన దుకాణాల్లో ముక్కాలిపీటల మీద కూర్చుని చాయ్ తాగుతూ రింగులూ పిన్నులూ నేర్చుకున్నాడు. జేబులో పెన్ను ఉండాల్సిన చోట కొలత పరికరం వచ్చి చేరింది. ఆఖరికి కోయంబత్తూరు నుంచి ఎవరూ వాడని పాత సరుకు తెప్పించి షెడ్డులోకి పెళ్ళికొడుకులా నడిచివచ్చాడు.

"ఇరవై సైజు! నెత్తి చదును! నాలుగూ తూయించాను మేడమ్, గ్రాము తేడా లేదు. ఈ రింగు గాడి చూడండి, అద్దం!"

లీలాకుమారిగారు ఒక్కోదాన్నీ వెలుతురుకి పట్టి చూశారు. గోటితో మీటారు. చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. షంషీర్ జేబులో తాళం తడుముకున్నాడు. ఇక వంక పెట్టడానికేమీ లేదని అతనికి తెలిసిపోయింది.

"బాగున్నాయి" అన్నారావిడ.

తాతారావు మొహం వెలిగింది. షంషీర్ తాళం బయటికి తీశాడు.

"కానీ రెండోది నాకేసి అదోలా చూస్తోంది. వాపసు."

తాతారావు వాపసుకి ప్రయత్నించాడు. కోయంబత్తూరువాడు ఫోనులో నవ్వి పెట్టేశాడు. ఆ విద్య అందరికీ పట్టుబడేది కాదు. పిస్టన్లు తాతారావు ఇంట్లో టీవీ పక్కన చేరాయి. రోజూ వాటిని తుడిచేవాడు. వచ్చినవాళ్ళకి చూపించేవాడు. అంత మంచి పిస్టన్లు ఏ పనీ లేకుండా కూర్చోవడం చూసి అతని ప్రాణం ఉసూరుమనేది.

కొన్నాళ్ళకి షెడ్డు ముందు ఓ ట్రాలీ ఆగింది. దాని మీద తుప్పు పట్టిన ఇంకో హెరాల్డ్. వెనక సీటులో ఎలుకల కాపురం.

"పిస్టన్లున్నాయి కదా అని కారు కొన్నానయ్యా" అన్నాడు తాతారావు, కాస్త సిగ్గుపడుతూ.

"మరి జిమ్ము, సేఠ్?"

"వాళ్ళు వేరే చోటు చూసుకున్నారు. షెడ్డు లేకపోతే నా బండి ఎక్కడ చేస్తావ్? నడిరోడ్డు మీదా? ఆ తాళం లోపల పెట్టు. ఎన్నేళ్ళైనా ఉండు. ముందు దీని సంగతి చూడు."

మర్నాడు పొద్దున లీలాకుమారిగారు ఓ స్టీలు డబ్బా పట్టుకొచ్చారు. మూత తీసి, బియ్యంలోకి చెయ్యి పోనిచ్చి, ఒకటొకటిగా నాలుగు పిస్టన్లు బయటికి తీశారు. ఇరవై సైజు. షంషీర్ నోరు తెరిచాడు.

"రాంగోపాల్‌పేట్‌ల ఉన్న ఒక్క సెట్టు... మీరేనా మేడమ్?"

"తాతారావు గారు మాటిచ్చిన సాయంత్రమే కొన్నాను. బియ్యంలో పెడితే తుప్పు పట్టవని..."

"అల్యూమినియంకి తుప్పెక్కడిది మేడమ్!"

"చూశారా, నాకేం తెలుసు? అందుకే మీరిక్కడే ఉండాలి. ఈ వయసులో కొత్త మెకానిక్‌ని ఎక్కడ వెతుక్కోను?"

షంషీర్ పిస్టన్ గాడిలో ఇరుక్కున్న బియ్యపు గింజని పిన్నుతో తీస్తూ కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నమే పిస్టన్లు లేత్ మిషన్‌కి వెళ్ళాయి.

సాయంత్రం అతను షట్టరుకి కొత్త రంగు కొన్నాడు, ఆకుపచ్చ. లీలాకుమారిగారు డబ్బా మూత తీసి చూశారు. కొట్టు కట్టేసేలోపు అది వాపసు వెళ్ళింది.