రెండో గీత

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది ఆడిన వారం తెలుసు, వేళ తెలుసు, అప్పుడు ఏ దిక్కున మబ్బు పట్టిందో కూడా తెలుసు. చెప్పుకోవడానికే ఇన్నాళ్లూ మనిషి దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నాకు డెబ్బై ఒకటి. మాది లక్సెట్టిపేటకు దగ్గరి పల్లె. మా ఇంట్లో గోడకు క్యాలెండర్, దానికి దారంతో కట్టిన పెన్ను ఎప్పుడూ ఉంటాయి. బర్రె ఈనిన రోజు, సిలిండర్ మార్చిన రోజు, చేనుకు మందు కొట్టిన రోజు, అన్నీ రాస్తాను. పాత క్యాలెండర్లు పారేయను. ఇనుప పెట్టెలో ఏడాది వరుసన ఉంటాయి. ఊళ్లో తేదీ మీద పేచీ వస్తే నన్ను అడిగి పోతారు. గొప్పకు చెప్పడం లేదు. నా మాటను అంతగా నమ్మబట్టే ఆ పని జరిగింది.

రాజవ్వ నా తోటికోడలు. నాకంటే పద్నాలుగేళ్లు చిన్న. ఆమె భర్త, అంటే మా మరిది, దుబాయిలో ఉండేవాడు. నా భర్త అప్పటికే లేడు. ఇంటికీ చేనుకూ మేమిద్దరమే. పత్తి ఏరుతుంటే ఎండిన కొమ్మ గీరుకొని ఆమె ఎడమ పిక్క మీద చిన్న గాయమైంది. పసుపు పెట్టి వదిలేసింది. నాలుగో రోజుకు పిక్కంతా ఎర్రబడి వాచింది. చేయి ఆనిస్తే రొట్టె పెనంలా కాలింది.

సోమవారం లక్సెట్టిపేట డాక్టర్‌కు చూపించాను. గాయంలోంచి క్రిములు చర్మంలోకి చేరాయని చెప్పి సూది వేశాడు, గోలీలు రాశాడు. తర్వాత పెన్ను తీసి ఎరుపు అంచు చుట్టూ గీత గీశాడు. గీత పక్కన తేదీ, వేళ వేశాడు. రోజూ పొద్దున, సాయంత్రం చూడమన్నాడు. ఎరుపు గీత దాటితే ఒక్క పూట కూడా ఆగొద్దని, నేరుగా కరీంనగర్ తీసుకుపొమ్మని రెండుసార్లు చెప్పాడు. పిక్క వెనక ఏముందో రాజవ్వకు కనిపించదు. చూసే పని నాది.

సోమవారం సాయంత్రం దాటలేదు. మంగళవారం రెండు పూటలా దాటలేదు. క్యాలెండర్ మీద మూడుసార్లు 'దాటలే' అని రాశాను. ఆ మూడూ నిజాలు.

బుధవారం పొద్దున ఆరింటికి చూశాను. రెండు వేళ్ల మేర దాటింది.

ఆ రోజు మా చేన్లో పత్తి తీయడానికి పక్క ఊరి కూలోళ్లు ట్రాక్టర్‌లో వస్తున్నారు. తీతకు మనుషులు దొరకని రోజులు. చేను మీద ఇంటివాళ్లు లేకపోతే ట్రాక్టర్ ఇంకొకరి చేనుకు మళ్లుతుంది. మళ్లీ వారానికి గానీ మన వంతు రాదు. గోదావరి వైపు మబ్బు పట్టి ఉంది. విచ్చిన పత్తి తడిస్తే నల్లబడుతుంది. రాజవ్వతో పోవాల్సింది నేనే, చేనుకు పోవాల్సిందీ నేనే.

ఇవి కారణాలు. ఇంకొకటి ఉంది, అది రాయడానికే చేయి ఆడడం లేదు. ఆమె మంచం మీద కాలు చాపుకొని ఉంటే, పొయ్యి, బర్రె, చేను అన్నీ నా నెత్తిన పడి, ఆ నొప్పి మీదే నాకు విసుగు పుట్టింది. ఎంత విసుగు? పత్తి మీది ఆశ ఎంత, ఈ విసుగు ఎంత? ఎన్నిసార్లు వేరు చేసి చూసినా తేలలేదు.

ఆమె బోర్లా పడుకొని ఉంది. మొహం తిప్పకుండానే అడిగింది.

"అక్కా, దాటిందా?"

"దాటలే."

"మంచిగ చూసినవా? లోపట పోట్లు పొడుస్తున్నయ్."

"చూసిన. గోలీలు పని జెయ్యాలంటె జర టైం పడ్తది. గీత అలుక్కపోయింది, మళ్ల దిద్దుత, కదలకు."

"దిద్దు. నువ్వు లెక్క తప్పిననాడు పొద్దు పడమట పొడుస్తది," అని నవ్వింది.

కొబ్బరినూనెలో పత్తి ముంచి డాక్టర్ గీతను తుడిచేశాను. మా చేను పత్తే. తడి ఆరాక ఎరుపుకు అవతల కొత్త గీత గీశాను. ఆయన వేసిన సోమవారం తేదీని, వేళను ఆయన రాసిన తీరులోనే పక్కన వేశాను. ఎందుకు వేశాను? ఎవరు అడుగుతారని? అబద్ధాన్ని కూడా కొట్టివేత లేకుండా రాసే బుద్ధి నాది. తర్వాత క్యాలెండర్ మీద 'దాటలే' అని రాసి చేనుకు పోయాను.

పత్తంతా ఇంటికి చేరింది. వాన రాలేదు.

సాయంత్రానికి ఆమెకు జ్వరం. ఎరుపు కొత్త గీతను ముట్టింది. ముట్టింది, దాటలేదు కదా అనుకున్నాను. జ్వరం గోలీ ఇచ్చాను. గురువారం తెల్లారేసరికి పిక్క నల్లగా కమిలి పొక్కులు లేచాయి. పిలిస్తే పలకలేదు, ఎప్పుడో చచ్చిపోయిన తన తండ్రితో ఏదో మాట్లాడుతోంది.

కరీంనగర్ తీసుకుపోయాను. అక్కడి డాక్టర్ మొదట ఆ గీతనే చూశాడు. ఎప్పుడు దాటిందని అడిగాడు. ఈ పొద్దున్నే అన్నాను. రోగం కండలోకి దిగిందని, ఒక్క రోజు ముందు తెచ్చి ఉంటే ఏమోనని, అంతలోనే గీత వైపు చూసి, మీరు మాత్రం ఏం చేస్తారమ్మా అని నన్నే ఓదార్చాడు. ప్రాణం దక్కాలంటే కాలు తీయక తప్పదన్నాడు. మోకాలి పైవరకు తీసేశారు.

నింద లక్సెట్టిపేట డాక్టర్ మీద పడింది. మరిది దుబాయి నుంచి ఫోన్ చేసి ఆయన్ను తిట్టాడు. ఆయన గోలీలు పని చేయలేదని ఊరంతా అంది. నేను ఔననలేదు, కాదనలేదు. ఏడాది తిరగకుండా ఆయన దవాఖాన మూతపడింది. ఆయన సరిగ్గానే చేశాడు. నేను తుడిచింది ఆ రుజువునే.

రాజవ్వ ఇప్పటికీ ఈ ఇంట్లోనే ఉంది. పొద్దున పెట్టుడు కాలు తొడుక్కునే ముందు మిగిలిన కాలును నాకే చూపిస్తుంది, ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడమని. లేదంటాను. నిజంగానే ఉండదు. కానీ ఆ బుధవారం పలికిన గొంతే ఇదీ. ఆమె అలాగే నమ్మి, అలాగే తల ఊపుతుంది. బుధవారమే తీసుకుపోతే కాలు దక్కేదా? 'ఏమో' అన్నాడు డాక్టర్. ఆ 'ఏమో' నాకు మిగిలింది.

ఇవాళ పెట్టె తెరిచి ఆ ఏడాది క్యాలెండర్ తీశాను. మూడు నిజాల పక్కన నాలుగోది, అదే చేతిరాతతో ఉంది. దాన్ని కొట్టేశాను. నా క్యాలెండర్లలో మొదటి కొట్టివేత. కింద ఉన్న కొంచెం చోటులో సరైనది రాశాను. దాన్ని మళ్లీ పెట్టెలో పెట్టలేదు, రాజవ్వ కూర్చునే చోట మేకుకు తగిలించాను. ఆమెకు చదువు వచ్చు. ఇప్పుడు బర్రె దగ్గర ఉంది, కాసేపట్లో వస్తుంది. చదివి ఏమంటుందో నాకు తెలియదు. కానీ పదకొండేళ్లలో మొదటిసారి నా రాతను నేను తల తిప్పకుండా చదువుకున్నాను.

బుధవారం, పొద్దున ఆరు. రెండు వేళ్లు దాటింది. నేను చూశాను.