మా తాతయ్య మింగని మాత్ర

నా చిన్నప్పుడు మా తాతయ్య పొద్దున్నే మాత్రని మాయం చేసేవారు. నానమ్మ ఒక చేత్తో నీళ్ళ చెంబు, ఇంకో చేత్తో చిన్న తెల్ల మాత్ర పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడేది. తాతయ్య మాత్ర నోట్లో వేసుకుని, గటగటా నీళ్ళు తాగి, ఆవిణ్ణి ఆటపట్టిస్తూ "ఆయ్, మింగేసేనండీ" అనేవారు. ఆవిడ లోపలికి వెళ్ళగానే బుగ్గలోంచి ఆ మాత్రని నాలుక కొసకి తెచ్చి నాకు చూపించేవారు. నాకు ఎనిమిదేళ్ళు. పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నారు. తర్వాత రేవుకి వెళ్ళే దారిలో దాన్ని కాలవలోకి ఊసేసేవారు.

అది రక్తపోటు మాత్ర. పక్షవాతం రాకుండా ఉండాలంటే రోజూ తప్పకుండా వేసుకోవాలని అమలాపురంలో డాక్టరుగారు చెప్పి పంపారు. తాతయ్య ముక్తేశ్వరం రేవులో పడవ నడిపేవారు. మాత్ర వేసుకుంటే మాటిమాటికీ ఒంటికి వెళ్ళాల్సి వస్తోందని నాతోనే అన్నారు. పడవ నిండా ఆడవాళ్ళు, చుట్టూ గోదారి, ఎక్కడికి వెళతారు పాపం. డాక్టరుగారితో చెప్పుకోవడానికి సిగ్గు. నానమ్మతో అంటే పడవ మానేయమంటుందని బెంగ. చెప్పి ఉంటే మందు మార్చేవారేమో.

ఓ రోజు జనం ఎక్కి కూర్చున్నాక ఆయన చేతిలో పడవ నెట్టే గెడ జారిపోయిందట. తీసుకుందామని వంగి అక్కడే కూలబడ్డారట. మూతి వంకర పోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది.

ఆస్పత్రిలో డాక్టరుగారు మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అని అడిగారు. నానమ్మ ఏడుస్తూనే, "రోజూ నా చేత్తో నీళ్ళిచ్చి మింగించేనండీ" అంది. అది విని తాతయ్య ఎడమ చెయ్యెత్తి వేలితో బుగ్గ పొడుచుకోవడం మొదలుపెట్టారు. దాహమేమో అనుకుని మా నాన్న చెంచాతో నీళ్ళు పట్టబోతే, తల తిప్పేసుకుని నా వైపు చూశారు. ఆయన నన్ను ఏం చెప్పమంటున్నారో ఆ గదిలో నాకొక్కదానికే అర్థమైంది. తంతారని భయమేసి నానమ్మ చీర చాటుకి వెళ్ళిపోయాను.

మూడు వారాలకి తాతయ్య పోయారు. నానమ్మ మిగిలిన మాత్రలన్నీ పెంట మీద పారేసింది. మందు మింగినా వచ్చేది ఆగదని మా ఇంట్లో అందరికీ మనసులో నాటుకుపోయింది.

ఇరవై ఏళ్ళకి మా నాన్నకీ రక్తపోటు ఉందని తేలింది. మాత్రలు వేసుకోమని నేను పోరితే, "మా నాన్న రోజూ మింగేడు కదమ్మా, ఏం ఒరిగింది?" అని నవ్వేసేవారు. అప్పటికి నాకు పెళ్ళై ఇద్దరు పిల్లలు. అయినా నోరు రాలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటారని జంకు. ఎంత సిగ్గుమాలినదాన్నో చూడండి. నాన్న కూడా తాతయ్యలాగే పడిపోయారు. ఆరేళ్ళు మంచం మీద తీసుకుని తీసుకుని పోయారు.

ఆ తర్వాత నుంచి ఎవరు మందు మానేశారని తెలిసినా వాళ్ళింటికి వెళ్ళి చెప్పేస్తాను. ఊళ్ళో నాకు చాడీలకోరు అని పేరు. రానీండి. మా ఇంట్లో మాత్రం చెప్పలేకపోయాను.

మొన్న వైద్య కళాశాల నుంచి ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. పక్షవాతం కొన్ని కుటుంబాల్లో వరసగా ఎందుకొస్తోంది, రాకుండా ముందే ఎలా ఆపొచ్చు అని పరిశోధన చేస్తున్నారట. మా తాతయ్య మందులు వాడేవారా అని అడిగింది. పక్కనే ఉన్న మా అమ్మ ఇన్నేళ్ళుగా చెప్పేదే చెప్పింది, రోజూ వాడేరు, అయినా వచ్చిందని. ఆ అమ్మాయి రాసేసుకుంటోంది. ఆ మాట ఇంకెంతమంది చేత మందు మానిపిస్తుందో అనిపించింది.

"అది కొట్టెయ్యమ్మా. ఆయన నాలుగు రోజులు మింగి మానేసేరు. నాకు తెలుసు" అన్నాను. బుగ్గలో దాచిన సంగతి, ఆస్పత్రిలో నేను చాటుకి వెళ్ళిన సంగతి, అన్నీ చెప్పాను.

ఆ అమ్మాయి వెళ్ళాక అమ్మ వాకిలి తలుపు వేసొచ్చింది. నన్ను తిట్టలేదు. తర్వాత మెల్లగా, "మీ నాన్నకి చెప్పుంటే వేసుకునేవోరే" అంది.

నిజమే, వేసుకునేవారు. ఆ రోజు ఆస్పత్రిలో నోరు విప్పితే నాకు నాలుగు దెబ్బలు పడేవి, అంతే. నేను తప్పించుకున్న ఆ నాలుగు దెబ్బలకి మా నాన్న ఆరేళ్ళు మంచం మీద ఉన్నారు.