క్వారీలో మాట పోని వాకీటాకీ

మా చిన్నప్పుడు ఇబ్రహీంపట్నంలో మా ముందు గది నిండా వాకీటాకీలే... ముక్కాలిపీట మీద కొన్ని, గూట్లో కొన్ని, విప్పి పాత చీరముక్క మీద పరిచినవి కొన్ని.

తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి ఇది. ఫంక్షన్ హాళ్ల వాళ్లు, కాలేజీల వాచ్‌మన్లు, రాళ్ల క్వారీ వాళ్లు పాడైన సెట్లన్నీ అమ్మ దగ్గరికే తెచ్చేవారు. అమ్మ ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివింది. పెళ్లికి ముందు పట్నంలో ఒక వైర్‌లెస్ షాపులో పనిచేసింది.

బాపు, అంటే మా నాన్న, ఊరి బయట క్వారీలో పనిచేసేవాడు. గుట్ట మీద రాయి పేల్చే ముందు కింద రోడ్డు మీద ఎర్రజెండా పట్టుకొని బండ్లను ఆపడం ఆయన పని. రోడ్డు ఖాళీ అయ్యాక "రోడ్డు బంద్ అయింది" అని వాకీటాకీలో చెప్పాలి. పైన జహంగీర్ మామ ఆ మాట విన్నాకే పేల్చేవాడు. అమ్మను చెల్లె అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ.

ఒక ఎండాకాలం ఆ ఇద్దరి సెట్లూ ఒకేసారి మొరాయించాయి. అది వచ్చేదాకా పైన సూపర్‌వైజర్ సెట్ వాడుకోవచ్చని మామ సెట్‌ను మాత్రం బాపుతో మా ఇంటికి పంపారు. దానిలో మాట్లాడితే గుట్ట దిగేలోపే మాట ఆగిపోతోందట.

అమ్మ యాంటెన్నా ఊడదీసింది. దాని బదులు పవర్‌ను తనలోనే అరిగించుకునే చిన్న డబ్బా, మధ్యలో మీటరు పెట్టింది. మాట్లాడే మీట నొక్కింది. ముల్లు లేచినట్టే లేచి పడిపోయింది. బ్యాటరీ తీసి బల్ల మీది పవర్ సప్లై డబ్బా నుంచి కరెంటు ఇచ్చింది. ఈసారి ముల్లు నిలబడింది.

"సెట్ మంచిగనే ఉంది. బ్యాటరీ పోయింది. ఊకె ఉంటే నిండుగ కనవడ్తది... మీట నొక్కంగనే కూలవడ్తది" అంది. తర్వాత బాపును అడిగింది. "నీ సెట్ ఏది మరి?"

"దాంట్ల లైటు వస్తది గని మాట పోతలేదు. రెండు సెట్లు ఇస్తే పని ఆగుతదని సూపర్‌వైజర్ సార్ పంపియ్యలే."

"మరి రోడ్డు బంద్ అయిందని ఎట్ల చెప్తున్నవ్?"

"రెండుసార్లు మీట నొక్కి ఇడుస్తున్న. పైన సెట్ల రెండుసార్లు ఖస్సుమంటది. గదే గుర్తు."

అమ్మ చేతిలో పని ఆపేసింది. "నువ్వు నొక్కినవని తెలుస్తది. ఏమన్నవో ఎట్ల తెలుస్తది?"

"సార్ గట్లనే చెయ్యిమన్నడు. నేనేం జెయ్యాలె."

మర్నాడు అమ్మ కొత్త బ్యాటరీ వేసిన సెట్, తన మీటరు సంచిలో పెట్టుకొని ఆటోలో బయలుదేరింది. బాపు సెట్ కూడా అక్కడే చూసి బాగుచేసి రావాలని. బడి సెలవులు కాబట్టి నన్నూ తీసుకెళ్లింది.

ఆటో అతను దగ్గర దారి అని గుట్ట పక్క మట్టిబాట పట్టాడు. అది బాపు జెండా దాటాక రోడ్డులో కలిసేది. మేము రోడ్డెక్కేసరికి దూరంగా బాపు కనిపించాడు. సెట్ నోటి దగ్గర పెట్టుకొని, జెండా ఊపుతూ మా వైపు పరుగెత్తి వస్తున్నాడు. నన్ను చూసి పిలుస్తున్నాడనుకున్నాను. చెయ్యి ఊపాను...

ఆటో కింద నేల అదిరింది. అమ్మ నన్ను సీటు కిందికి లాగి పైన వంగింది. రాళ్లు పడ్డాయి. ఒకటి ఆటో పైకప్పు రెగ్జిన్ చీల్చుకొని వచ్చి అమ్మ ఎడమ చేతి మీద పడింది. నాకూ ఆటో అతనికీ ఏమీ కాలేదు.

దుమ్ము తగ్గేసరికి మామ, సూపర్‌వైజర్ గుట్ట దిగి వచ్చారు. మమ్మల్ని చూసి మామ నన్ను ఆటోలోంచి ఎత్తుకొని దించాడు. సూపర్‌వైజర్ బాపు వైపు తిరిగాడు. "రెండుసార్లు నొక్కినవ్ కద. మళ్ల ఇదేంది?"

బాపు అమ్మ చేతికి దస్తీ కట్టి, దవాఖానకు పోదాం పద అన్నాడు.

"జర ఆగు. ఇప్పుడు చూడకపోతే తప్పంత నీ మీదికే వస్తది" అని అమ్మ బాపు చేతిలోని సెట్ తీసుకుంది. ఒంటి చేత్తోనే మీటరు తగిలించి, బాపును మీట నొక్కమంది. ముల్లు నిండుగా నిలబడింది. యాంటెన్నా మళ్లీ బిగించి, తాను తెచ్చిన సెట్ మామకిచ్చి దూరంగా నిలబడమంది. బాపు మాట్లాడాడు. మామ చేతిలో సెట్ మూగగానే ఉంది. వేలు తీయగానే ఖస్సుమంది.

అమ్మ సంచిలోంచి వైరు ఉన్న మైకు తీసి బాపు సెట్‌కు గుచ్చింది. "ఇప్పుడు ఏమన్న అను."

"ఆగుండ్రి... ఆటో వచ్చింది... ఆగుండ్రి" అన్నాడు బాపు. ఆ గొంతు మామ చేతిలోంచి అందరికీ వినబడింది.

"పవర్ మంచిగనే పోతుంది సార్. లోపలి మైకే పాడైంది. ఈయన రెండుసార్లు ఆగుమన్నడు. మీకు రెండుసార్లు ఖస్సుమన్నది" అంది అమ్మ.

మామ దగ్గరికి వచ్చి చేతిలో సెట్ సూపర్‌వైజర్‌కు ఇచ్చేశాడు. "మనిషి మాట వినవడకపోతే ఇగ నేను పేల్చ సార్. పని ఆగితే ఆగనీ."

ఆగింది కూడా. అమ్మ చెయ్యి విరిగింది. దవాఖానలో కట్టు కట్టించుకొని వచ్చాక, ఆమె చెబుతుంటే బాపే ఆ సెట్ విప్పాడు. మైకు రంధ్రం నిండా రాతిపొడి... లోపల సన్నని వైరు తెగి ఉంది. బాపుకు సోల్డరింగ్ అలవాటు లేదు. మైకు మార్చడానికి చాలాసేపు పట్టింది. అమ్మ విసుక్కోలేదు.

ఇప్పుడు ఆ క్వారీ లేదు. అక్కడ ప్లాట్లు పడ్డాయి. నేను తుర్కయాంజాల్‌లో ఉంటున్నాను. మెసేజ్ చూసినట్టు గుర్తు పడితే అవతలివాళ్లకు అర్థమైందనే అనుకుంటాం అందరం... అమ్మ మాత్రం మెసేజ్ పెట్టాక ఫోన్ చేస్తుంది. నేను "అవ్, విన్న" అనేదాకా ఫోన్ పెట్టేయదు.

మీ ఇళ్లలోనూ ఇలా గొంతు వింటే తప్ప నమ్మని మనుషులు ఉన్నారా? వాళ్ల గురించి నాలుగు ముక్కలు కింద రాయండి... చదువుకుంటాను.