ఎర్ర వెలుగు లేని కెమెరా

ఎవరింట్లో అడుగుపెట్టినా కెమెరాల మేస్త్రి చూపు ముందు గోడ మూలలకే పోతుంది. "మనుషులు కింద ఉంటారండీ, పైన కాదు," అని భార్య దెప్పుతూనే ఉంటుంది. పద్దెనిమిదేళ్లుగా అదే పని. చేతిలో స్క్రూడ్రైవర్ లేకపోతే వేళ్లు కుదురుగా ఉండవు. ఆ మధ్యాహ్నం ఒక ఇంట్లో అది చేతిలో ఉన్నా కుదురు లేదు.

ఆ ఇంటి పెద్దావిడ రెండుసార్లు పడిపోయింది. ఆఫీసు నుంచి చూసుకోవచ్చని కూతురు ఆవిడ గదిలో కెమెరా పెట్టించింది. దీపం ఆర్పగానే కెమెరా చుట్టూ ఉన్న బుల్లి బల్బులు మసక ఎర్రగా కనిపించేవి. "మూలన ఎవరో కూచుని చుట్ట కాలుస్తున్నట్టుంది. కన్ను మూతపడితే ఒట్టు," అని పెద్దావిడ వారంగా గొడవ.

కూతురు మేస్త్రిని వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. "వెలుగు కనపడని రకం ఉందటగా, అది బిగించండి. అమ్మతో మాత్రం ఉత్త డొల్ల, పనిచెయ్యదని చెప్పండి."

ఆయన పాతది విప్పి, ఆ కొత్త రకం బిగించాడు. కర్టెన్లు మూసి చీకటి చేసి పెద్దావిడకు చూపించాడు.

"ఎర్ర వెలుగు పోయింది నాయనా! ఆపేసినట్టేనా? ఇక హాయిగా బట్టలు మార్చుకోవచ్చు."

"ఆ... ఆపేసినట్టేనమ్మా."

సంచీ భుజాన వేసుకుని గేటు దాకా వెళ్లాడు. గొళ్లెం తీశాడు, మళ్లీ వేశాడు. వెనక్కొచ్చాడు.

"అబద్ధం చెప్పానమ్మా. అది చూస్తూనే ఉంది. దాని వెలుగు మన కంటికి ఆనదు, అంతే."

నమ్మకం కలగలేదేమో, ఆవిడ నవ్వింది. ఫోను కంటికి ఆనుతుందంటూ ఆయన సెల్ఫీ తీసుకునేటట్టు దాన్ని పైకి పట్టాడు. తెర మీద, ఇద్దరి తలల మధ్య, తెల్లటి చుక్కలు గుత్తిగా మెరిశాయి. ఆవిడ చటుక్కున వెనక్కి తిరిగింది. ఉత్త చీకటి.

"ఆ ఎర్రదే నయం కదయ్యా! చూస్తున్నానని చెప్పి మరీ చూసేది."

గుమ్మంలో కూతురు. "చెప్పద్దన్నానుగా మేస్త్రి గారూ!"

"ఆయన్నెందుకంటావ్? నన్నడిగావుటే? నేను పడేది మంచం మీదా? బాత్రూము గడప దగ్గర. అటు తిప్పించు."

"మంచం కనపడకపోతే నాకు మనసు ఆగదమ్మా."

"ఆగకపోతే ఫోన్ చెయ్యి."

మేస్త్రి స్టూలెక్కి కెమెరాను మెల్లగా తిప్పాడు. కూతురు చూస్తున్న ఫోను తెర మీంచి దిండు జారిపోయింది, దుప్పటి జారిపోతోంది.

"కాళ్లన్నా ఉండనియ్యవే అమ్మా!"

"పాదాలు," అంది పెద్దావిడ. "మోకాళ్ల దాకా కాదు."

మేస్త్రి అక్కడ ఆపి మర బిగించాడు.